చిన్న షెడ్డును వదిలేస్తే కొత్త టెక్నాలజీ గేటు దాటదు

సంపాదకులకు,

పరిశ్రమల్లో కొత్త టెక్నాలజీ గురించి వార్త వచ్చినప్పుడల్లా పక్కన వేసే ఫొటో ఒకటే. మెరిసే నేల, పసుపుపచ్చ రోబో చెయ్యి, గోడంత స్క్రీను. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో తయారయ్యే సరుకులో చాలా భాగం అలా ఒక్క కప్పు కింద తయారవదు. ఒక చివర త్రెడ్ ఉన్న మామూలు స్టీలు పిన్నునే తీసుకోండి. రాడ్డు కోసి సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్) మీద టర్నింగ్ చేసేది ఒకరు, స్టీలు పైపొరకు కార్బన్ ఎక్కించి గట్టిపరిచే కార్బురైజింగ్ కొలిమి మరొకరిది. గ్రైండింగ్ పక్క క్రాసులో, జింక్ ప్లేటింగ్ ఇంకెక్కడో. చివరి తనిఖీ, ప్యాకింగ్ మళ్ళీ మొదటి షాపులోనే. నలుగురు యజమానులు, నాలుగు టెంపో ట్రిప్పులు, నాలుగు చలాన్లు అయ్యాకే ఆ పిన్ను కస్టమర్ గేటు తొక్కుతుంది.

వీళ్ళలో ఒక్కరు లక్షలు పోసి ఈఆర్‌పీ (సరుకు, ఆర్డర్లు, లెక్కలు చూసే సాఫ్ట్‌వేరు) పెట్టుకున్నా దాని చూపు ఆయన గేటు దాకానే. టెంపో బయటికి వెళ్ళాక సరుకు ఎక్కడుందో తెలియాలంటే ఫోను చేసి అడగాల్సిందే. అవతల సూపర్‌వైజరు "అయిపోతా ఉంది సార్, సాయంత్రానికి పంపిస్తాం" అంటాడు. ఆ మాట అలాగే ఈఆర్‌పీలోకి ఎక్కుతుంది. అంత డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరుకు ఆధారం మళ్ళీ ఫోను మాటే అయితే దాన్ని కొనడం దేనికి?

ఇలా ఒకరి సరుకు మీద మరొకరు పని చేసిచ్చే జాబ్‌వర్క్ గొలుసులో టెక్నాలజీ పెట్టాలంటే అందరికన్నా చిన్న షెడ్డు దగ్గర మొదలుపెట్టాలి. ఖర్చు అందరికన్నా ఎక్కువ లాభపడేవాడు పెట్టుకోవాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. పెద్ద కంపెనీ తన పోర్టల్ పెడుతుంది, లాగిన్లు పంచుతుంది, డేటా ఎక్కించే చాకిరీ కిందివాడి నెత్తిన పడుతుంది. ముగ్గురు కస్టమర్లుంటే మూడు పోర్టళ్ళు. ఎనిమిది మంది పనిచేసే ప్లేటింగ్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చునేది ఎవరు?

ముందుగా సమాచారం తెగిపోతే ఏమవుతుందో చూద్దాం. డ్రాయింగులో ఆ పిన్నుకు చివరికి మిగలాల్సిన కేస్ డెప్త్ (గట్టిపడిన పైపొర మందం) 0.8 మిల్లీమీటర్లు. గ్రైండింగులో వ్యాసం మీద 0.3 పోతుంది, అంటే ఒక పక్కకు 0.15. కాబట్టి కొలిమిలోంచి వచ్చేసరికి కనీసం 0.95 ఉండాలి. చలాన్ మీద "కేస్ డెప్త్ 0.8" అని మాత్రమే రాసి పంపితే కొలిమివాళ్ళు 0.8 ఇస్తారు. వాళ్ళ రిపోర్టు సరైనదే, గ్రైండింగ్ కొలతలూ సరైనవే, అయినా పిన్ను పనికిరాదు. త్రెడ్ భాగానికి కార్బన్ ఎక్కకుండా పూత పూయమన్న మాట చలాన్ మీద లేకపోతే త్రెడ్ కూడా గట్టిపడి పెళుసవుతుంది. బిగించేటప్పుడు పుటుక్కుమంటుంది.

ప్లేటింగులో మరో లెక్క ఉంది. 8 మైక్రాన్ల జింక్ పూస్తే వ్యాసం 16 మైక్రాన్లు పెరుగుతుంది. త్రెడ్ మీద పిచ్ వ్యాసం (పళ్ళ నడిమెత్తున కొలిచే వ్యాసం) మాత్రం పూత మందానికి నాలుగింతలు, అంటే 32 మైక్రాన్లు పెరుగుతుంది. ఎం10 × 1.5 త్రెడ్‌కు 6జి అనే టాలరెన్సు (కొలతలో అనుమతించే తేడా) తరగతిలో వదిలే సందు సరిగ్గా 32 మైక్రాన్లే. త్రెడ్ పైహద్దు సైజులో ఉండి పూత 10 అయిందా, గో గేజ్ (సైజు సరిపోతే ఎక్కాల్సిన కొలత రింగు) ఎక్కదు. ఈ సంగతి టర్నింగ్ షాపుకు ముందే తెలిస్తే త్రెడ్‌ను కొంచెం లోపలికి కోసి పంపుతుంది. తెలియకపోతే ప్లేటింగ్‌వాడిని తిడుతుంది. గట్టిపడిన స్టీలుకైతే ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు 190 నుంచి 220 డిగ్రీల మధ్య బేకింగ్‌కు పెట్టాలి, లేదంటే లోపల చిక్కుకున్న హైడ్రోజన్ వల్ల పిన్ను కొన్నాళ్ళకు దానంతటదే పగులుతుంది. "పెట్టాం" అంటే చాలదు. బ్యాచ్ తొట్టెలోంచి ఎన్నింటికి తీశారు, ఓవెన్‌లోకి ఎన్నింటికి వెళ్ళింది అన్న రెండు సమయాలు కావాలి. గొలుసు మొత్తంలో డిజిటల్ రికార్డు అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్నది ఈ ప్లేటింగ్ షెడ్డుకే. అది అందరికన్నా ఆలస్యంగా చేరేదీ అక్కడికే.

దీనికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. బ్యాచ్‌కు ఒక క్యూఆర్ కోడ్, షాపుకు ఒక ఫోను, అందరూ చూడగలిగే ఒకే పట్టిక ఉంటే చాలు. క్యూఆర్ కోడ్ పుట్టిందే ఇలాంటి అవసరంలోంచి. టయోటాకు విడిభాగాలు అందించే జపాన్ కంపెనీ డెన్సోలో 1994లో మసాహిరో హారా బృందం దీన్ని తయారుచేసింది. అప్పటి బార్‌కోడ్‌లో ఇరవై అక్షరాలకు మించి పట్టేవి కావు, ఒక్కో పెట్టె మీద పలు బార్‌కోడ్లు స్కాన్ చేయలేక కార్మికులు విసిగిపోయేవారు. పేటెంట్ చేతిలో ఉన్నా డెన్సో వాడుక మీద రుసుము అడగలేదు. అడిగి ఉంటే ఈరోజు టీ బంకులో క్యూఆర్ కనిపించేది కాదు, సప్లయర్ షెడ్డులో అంతకన్నా కనిపించేది కాదు. పదిమంది వాడితేనే విలువ పెరిగే వస్తువుకు గేటు దగ్గర టోలు పెట్టకూడదు. సొంత పోర్టల్‌కు సప్లయర్ దగ్గరే ఏటా రుసుము వసూలు చేసే కంపెనీలు ఈ సంగతి ఒకసారి ఆలోచించుకుంటే బాగుంటుంది.

కోడ్ ఎక్కడ అంటించాలన్న దగ్గరే సగం ప్రయత్నాలు చతికిలబడతాయి. డైరెక్ట్ థర్మల్ లేబుల్ నూనెకూ వేడికీ వారంలో వెలిసిపోతుంది. వ్యాక్స్ రిబ్బన్‌తో ముద్రిస్తే నూనె చెయ్యి తగలగానే అలుక్కుపోతుంది. పాలిస్టర్ లేబుల్ మీద రెజిన్ రిబ్బన్‌తో ముద్రిస్తే నిలుస్తుంది. ముద్రించేటప్పుడు ఎర్రర్ కరెక్షన్ 'హెచ్' స్థాయిలో పెట్టండి, కోడ్‌లో సుమారు 30 శాతం చెడినా ఫోను చదువుతుంది. ప్లేటింగ్ తొట్టెల దగ్గర ఏ అంటింపూ నిలవదు. అక్కడ పాలీప్రొపిలీన్ బిళ్ళ మీద కోడ్ చెక్కించి బ్యారెల్‌కు (ముక్కలు వేసి తొట్టెలో తిప్పే పీపాకు) వేలాడదీయాలి. స్టెయిన్‌లెస్ బిళ్ళ పెడితే తుప్పు వదలగొట్టే పిక్లింగ్ యాసిడ్‌లో అదీ తినేసుకుపోతుంది. 920 డిగ్రీల కొలిమిలోకి మాత్రం ఏ బిళ్ళనూ పంపకండి. ఒక కొలిమి లోడులో ముగ్గురు నలుగురు కస్టమర్ల సరుకు కలిసి ఉంటుంది కాబట్టి, లోడ్ నంబరు కింద ఏయే బ్యాచ్‌లు వెళ్ళాయో లోడింగ్ బల్ల దగ్గరే స్కాన్ చేసి జతచేయాలి. సరుకు కొలిమిలో ఉన్నంతసేపూ బిళ్ళలు బోర్డు మీద కొక్కేలకు వేలాడతాయి. బయటికి వచ్చాక ఏ బుట్టకు ఏ బిళ్ళ అన్నది తారుమారయ్యే చోటు ఇదే. బుట్టకే నంబరు పంచ్ చేసి ఉంటే ఆ భయం సగం తగ్గుతుంది.

తర్వాతి గొడవ సంఖ్యల మీద. టర్నింగ్ షాపు ముక్కల్లో లెక్కిస్తుంది, కొలిమివాళ్ళు కిలోల్లో బిల్లు వేస్తారు. 42 గ్రాముల పిన్నులు 1,200 పంపితే బరువు 50.4 కిలోలు. అవతల 10 గ్రాములకన్నా తక్కువ తేడా చూపలేని కాటా మీద ఒక్క పిన్ను పెడితే 40 గ్రాములు చూపిస్తుంది. దాంతో భాగిస్తే 1,260 పిన్నులని తేలుతుంది. లేని 60 పిన్నులు ఎక్కడివి? దీని మీద ఫోన్లో అరగంట పోట్లాట. 50 పిన్నులు కలిపి తూచి, 2,100 గ్రాములను 50తో భాగిస్తే తగాదా ఉండదు. ముక్క బరువు ఎవరు నిర్ణయిస్తారో, కాటాకు క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేయిస్తారో ముందే రాసుకోవాలి. జీఎస్‌టీ చలాన్‌లోనూ జాబ్‌వర్క్ సరుకు లెక్క చూపే ఐటీసీ-04 ఫారంలోనూ కొలత యూనిట్ ఒకటే ఉండేలా చూసుకోవాలి. వెళ్ళింది కిలోల్లో, వచ్చింది నంబర్లలో అయితే ఏడాది చివర ఆడిటర్ ముందు లెక్క కుదరదు. జాబ్‌వర్క్‌కు పంపిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రాకపోతే, పంపిన రోజే అమ్మినట్టు లెక్కగట్టి వడ్డీతో పన్ను అడుగుతారని మరిచిపోవద్దు.

ఉమ్మడి పట్టికలో ఏమేం ఉండాలి? పార్ట్ నంబరు, డ్రాయింగ్ రివిజన్, స్టీలు హీట్ నంబరు (ఏ కరిగింపులోంచి వచ్చిందో చెప్పేది), బ్యాచ్, పంపిన సంఖ్య, అందిన సంఖ్య, రిజెక్షన్, చలాన్ నంబరు, లోపలికి వచ్చిన సమయం, బయటికి వెళ్ళిన సమయం. పైన చెప్పిన కొలిమి లోడ్ నంబరు, బేకింగ్ సమయాలు తప్ప ఇంతకు మించి ఒక్క గడి పెంచినా నింపేవాడు దొరకడు. మొదటి ఆరునెలలు మామూలు ఆన్‌లైన్ షీటుతోనే నడపవచ్చు, కానీ పార్ట్ నంబరు గడిని ముందే టెక్స్ట్‌గా మార్చిపెట్టాలి. లేకపోతే 00471 కాస్తా 471 అవుతుంది, 12E05 అనే పార్టును ఎక్సెల్ పన్నెండు లక్షలుగా చదువుతుంది. తేదీల సంగతీ అంతే. ఒక కంప్యూటర్లో 03/04 ఏప్రిల్ మూడు, ఇంకోదాంట్లో మార్చి నాలుగు. డ్రాయింగును వాట్సాప్‌లో ఫొటోగా పంపే అలవాటు మొదట మానాలి. ఫొటో కుంచించుకుపోయి 0.02 కాస్తా 0.07లా కనిపిస్తుంది. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, రివిజన్ మారాక కూడా పాత ఫొటో ఆపరేటర్ ఫోన్లోనే ఉండిపోతుంది. లింకు పంపాలి, లింకు తెరిస్తే ఎప్పుడూ తాజా రివిజనే కనిపించాలి.

పెద్దగా ఎవరూ మాట్లాడని భయం ఇంకొకటి ఉంది. తన ప్లేటింగ్ ఎక్కడ జరుగుతోందో కస్టమర్‌కు తెలిస్తే నేరుగా వాళ్ళ దగ్గరికే వెళ్తాడేమో అని టర్నింగ్ షాపుకు. తన కొలిమి ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుందో తెలిస్తే రేటు తగ్గించమంటారేమో అని హీట్ ట్రీట్‌మెంట్ షాపుకు. రెండూ ఉత్త అనుమానాలేమీ కావు. అందుకే ఏది పంచుకోవాలో ఏది పంచుకోకూడదో మొదటిరోజే కాగితం మీద పెట్టాలి. సంఖ్య, తేదీ, రిజెక్షన్, రివిజన్ అందరికీ కనిపించాలి. సైకిల్ టైము (ఒక్కో ముక్కకు పట్టే సమయం), మెషీన్ ఖాళీ గంటలు, రేట్లు ఎవరివి వారివే. చివరి కస్టమర్‌కు బ్యాచ్ ఏ దశలో ఉందో తెలిస్తే చాలు, ఏ షాపులో ఉందో అక్కర్లేదు. షాపు పేరు బదులు కోడ్ వాడినా, ఆడిట్ రోజున అసలు పేరు చూపించే ఏర్పాటు ఉంటే సరిపోతుంది. ఈ ఒప్పందం లేకుండా మెషీన్లకు సెన్సర్లు బిగించే ప్రాజెక్టు మొదలుపెడితే, రెండో నెలలో సెన్సర్ వైరు "ఎలుక కొరికేస్తుంది." ఆ ఎలుక ఎవరో అందరికీ తెలుసు.

కొలతల్లో మాట కలవడం మరో అడ్డంకి. అందరికీ కలిపి ఒక సీఎంఎం (ముక్కల కొలతలు కచ్చితంగా తీసే మెషీన్) కొనాలన్న ఆలోచన మంచిదే. కేంద్రం చిన్న పరిశ్రమల క్లస్టర్ల కోసం పెట్టిన ఎంఎస్ఈ-సీడీపీ పథకం కింద ఉమ్మడి సదుపాయ కేంద్రానికి 5 నుంచి 10 కోట్ల ప్రాజెక్టులకు 70 శాతం, 10 నుంచి 30 కోట్ల వాటికి 60 శాతం గ్రాంటు ఇస్తుంది కూడా. అయితే మెషీన్ వచ్చాక దాన్ని నడిపే మనిషికి జీతం, ఏటా క్యాలిబ్రేషన్, విరిగే రూబీ ప్రోబులు, నెలాఖరున అందరూ ఒకేసారి వస్తే ఎవరిది ముందు అన్న నియమం, ఇవన్నీ దరఖాస్తు రాసేటప్పుడే తేల్చుకోకపోతే మెషీన్ మీద ప్లాస్టిక్ కవరు తీసేవాడుండడు. దానికన్నా ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఐదు పిన్నులకు నంబర్లు వేసి, అన్ని షాపులకూ తిప్పి, ఒక్కోచోట మూడేసిసార్లు కొలిపించండి. షాపుల మధ్య తేడా టాలరెన్సులో పదోవంతుకు మించితే ముందు సరిచేయాల్సింది కొలతను, మెషీన్ సెట్టింగును కాదు. చాలాసార్లు కారణం ఉష్ణోగ్రతే. డ్రాయింగ్ కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర లెక్క. 32 డిగ్రీల షెడ్డులో 100 మిల్లీమీటర్ల స్టీలు ముక్క దాదాపు 14 మైక్రాన్లు, అల్యూమినియం ముక్క దాదాపు 28 మైక్రాన్లు పెరిగి ఉంటుంది. ఏసీ గదిలోకి తెచ్చిన పదినిమిషాలకే కొలిస్తే ఆ తేడా ఇంకా పోదు. సలహా కావాలంటే తుమకూరు రోడ్డు మీదే సీఎంటీఐ ఉంది. 1962 నుంచి మెషీన్ టూల్స్ మీద, కొలతల మీద పనిచేస్తున్న సంస్థ అది. అక్కడా ఐఐఎస్సీలోనూ కేంద్రం సమర్థ్ ఉద్యోగ్ పథకం కింద ఇండస్ట్రీ 4.0 (డిజిటల్ తయారీ) ప్రదర్శన కేంద్రాలు పెట్టారు. వెళ్ళేటప్పుడు ఒక్క యజమాని కాకుండా గొలుసులోని నలుగురూ కలిసి వెళ్ళాలి. వాళ్ళతోపాటు ఒక ఆపరేటర్‌నూ తీసుకెళ్ళాలి.

అమలు చేసేటప్పుడు ఒకే పార్టుతో, ఒకే దారిలో మొదలుపెట్టండి. రెండు వారాలు క్యూఆర్, కాగితం రెండూ నడవాలి. నెల దాటకముందే కాగితం జాబ్‌కార్డు ఆపేయాలి. ఇది చెయ్యడానికే అందరూ జంకుతారు. రెండూ కొనసాగితే ఆపరేటర్‌కు రెట్టింపు పని, ముందు వదిలేసేది ఫోన్‌నే. చలాన్ మాత్రం చట్టం ప్రకారం మూడు ప్రతుల్లో ఉండాల్సిందే, దాన్ని ముట్టుకోవద్దు. స్క్రీను మీద అంకెలు, బొమ్మలు, రెండే బటన్లు ఉండాలి: "వచ్చింది", "వెళ్ళింది". పీణ్య షెడ్డులో అనంతపురం, మదనపల్లె వైపునుంచి వచ్చిన మనవాళ్ళ పక్కనే కన్నడ, ఒడియా, హిందీ మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఇంగ్లిషు మెనూలు ఎవరికీ చదవబుద్ధి కావు. నైట్ షిఫ్టు స్కానులన్నీ పొద్దున ఏడింటికి రెండు నిమిషాల్లో పన్నెండు పడితే ఎవరో కూర్చుని ఒకేసారి కొట్టేశారన్నమాట. తిట్టి లాభం లేదు. ఫోను సూపర్‌వైజరు గదిలో తాళం వేసి ఉందేమో చూడండి. ఎక్కువగా అదే కారణం.

చిన్న షెడ్డుకు దీనివల్ల ఏం ఒరుగుతుంది? ఇది చెప్పకుండా సహకారం అడిగితే ఎవరూ రారు. ఒరిగేది డబ్బే. చిన్న పరిశ్రమల కోసం చేసిన ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకు బకాయిని రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఆ రోజులు లెక్కపెట్టేది సరుకును అంగీకరించిన రోజు నుంచి. సరుకు అందిన 15 రోజుల్లోపు కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే అంగీకరించిన రోజు. మరి సరుకు ఎప్పుడు అందింది? ఇప్పుడైతే గేటు రిజిస్టర్లో ఎవరో గీసిన గీత తప్ప రుజువు లేదు. "వచ్చింది" బటన్ నొక్కిన క్షణం ఆ రుజువు పుడుతుంది. పైగా ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువులోపు చెల్లించని బిల్లును కొనుగోలుదారు చెల్లించిన ఏడాదే ఖర్చుగా చూపుకోవాలి. 250 కోట్లకు పైబడిన టర్నోవరు ఉన్న కంపెనీలు బిల్లుల మీద గడువుకన్నా ముందే డబ్బు ఇప్పించే ట్రెడ్స్ ఆన్‌లైన్ వేదికల్లో చేరాలని కేంద్రం 2024లో ఆదేశించింది. అక్కడ బిల్లును కొనుగోలుదారు అంగీకరిస్తేనే బ్యాంకు డబ్బు ఇస్తుంది. అంగీకారం త్వరగా రావాలంటే సంఖ్య, రిజెక్షన్ తగాదాలు అప్పటికే తీరి ఉండాలి.

బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదుచేసే ఈ-ఇన్వాయిస్ ఎలా వచ్చిందో గుర్తుచేసుకోండి. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటినవాళ్ళతో మొదలై, 100, 50, 20, 10 మీదుగా 2023 ఆగస్టుకు 5 కోట్లకు దిగింది. పెద్దవాళ్ళు ముందు నేర్చుకోవడం పన్ను వసూలుకు సరిపోయింది, ఎందుకంటే అక్కడ ప్రతి ఇన్వాయిసూ వేరు. సరుకు కదలికకు ఆ క్రమం పనికిరాదు. ప్లేటింగ్ దగ్గర ఒక్క స్కాను తప్పితే గొలుసులో మిగతా అందరి రికార్డూ అబద్ధమే.

ఖర్చు విషయంలో మా లెక్క ఇది. లేబుల్ ప్రింటరు, ఫోన్లు, బిళ్ళలు గొలుసులో మొదటి షాపు కొనాలి. ఎందుకంటే కస్టమర్ ముందు జవాబు చెప్పేది అదే, రిజెక్షన్ తగ్గితే మొదట మిగిలేదీ దానికే. కస్టమర్ తన పోర్టల్‌లోకి ఈ పట్టిక నేరుగా ఎక్కేలా ఏర్పాటు చేయాలి, మళ్ళీ టైపు చేయించకూడదు. కొలిమివాళ్ళు, ప్లేటింగ్‌వాళ్ళు స్కాను చేసినందుకు కిలోకు కొన్ని పైసలు అదనంగా ఇచ్చినా తప్పులేదు. రిజెక్ట్ అయిన ఒక్క బ్యాచ్ ఖరీదు ముందు ఆ పైసలెంత? ఎవరైనా గొలుసులోంచి తప్పుకుంటే వాళ్ళ రికార్డు ప్రతి వాళ్ళకు అందాలి, మిగతావాళ్ళ దగ్గర ఎన్నేళ్ళు ఉండాలో కూడా రాసుకోవాలి. వాహన విడిభాగాల కస్టమర్లు చాలా ఏళ్ళ వెనకటి బ్యాచ్ వివరాలు కూడా అడుగుతారు. అప్పటికి షెడ్డు చేతులు మారి ఉండొచ్చు, ఫోను ఎవరి జేబులో ఉందో కూడా తెలియకపోవచ్చు. అందుకని ఖాతాలు వ్యక్తుల పేర్ల మీద కాకుండా యూనిట్ ఈమెయిల్ మీద తెరవండి. పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిసి ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకరు యజమాని అయి ఉండాలి.

ఇట్లు,
జాబ్‌వర్క్ రంగంలోని కొందరు తెలుగు చిన్న పరిశ్రమల నిర్వాహకులు,
పీణ్య, బెంగళూరు